ఎకరం లోపు తుప్పల్ని కాపాడి ఏం లాభం అని అడిగారు కదా, నాకు తెలిసింది చెప్తా

ముందు ప్రశ్న క్లుప్తంగా మళ్ళీ చెప్తా, తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థమవ్వాలి కదా. మీ కాలనీ చివర ఎకరానికి కాస్త తక్కువ స్థలం ఉంది. సగం ముళ్ళకంప, సగం గడ్డి, ఒక మూల వానలప్పుడు మాత్రమే నిండే గుంట, మూడు పెద్ద చెట్లు. ముంగిసలు, కప్పలు, తీతువు పిట్టలు, సాయంత్రమైతే గబ్బిలాలు కనిపిస్తున్నాయి. మూడు పక్కలా ఇళ్ళు లేస్తున్నాయి. కాలనీలో కొంతమంది శుభ్రం చేసి పార్కు చేద్దాం అంటున్నారు, ఇంకొంతమంది పాముల భయంతో మొత్తం చదును చేయించేద్దాం అంటున్నారు. ఇంత చిన్న ముక్కని కాపాడితే నిజంగా ఉపయోగం ఉంటుందా, ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే ఉపయోగం ఉంది, బాగానే ఉంది. కానీ మొక్కలు నాటడంతో మాత్రం మొదలుపెట్టకండి. ముందు చేయాల్సింది ఎవరూ దాన్ని "బాగు చేయకుండా" ఆపడం. నేను ఈ పనిలో 17 ఏళ్ళుగా ఉన్నా, లేఅవుట్ వేసే ముందు సర్వే చేయడం, ఆ తర్వాత అక్కడ మిగిలిన ముక్కల్ని కాలనీవాళ్ళతో కలిసి చూసుకోవడం, ఇదే నా పని. బిల్డర్ చేతిలో పోయిన ముక్కల కన్నా మంచి మనసుతో శుభ్రం చేసినవాళ్ళ చేతిలో పోయినవే నేను ఎక్కువ చూశా. బిల్డర్ అయితే ప్లాన్ చూపిస్తాడు, అభ్యంతరం చెప్పడానికి ఓ టైమ్ ఉంటుంది. ఆదివారం పొద్దున్నే కత్తులు, గడ్డపారలు పట్టుకుని వచ్చిన 20 మంది వాలంటీర్లకి అభ్యంతరం ఎవరు చెప్తారు చెప్పండి.

చిన్నదే కదా అనేవాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. ఇంగ్లండ్‌లో లెస్టర్ అనే ఊళ్ళో జెనిఫర్ ఓవెన్ అనే జీవశాస్త్రవేత్త తన ఇంటి పెరట్లో 1972 నుంచి 2001 దాకా, అంటే 30 ఏళ్ళు, కనిపించిన ప్రతి ప్రాణినీ, మొక్కనీ పేరు పేరునా రాసుకుంది. మామూలు పెరడే, 741 చదరపు మీటర్లు, అంటే ఎకరంలో ఐదో వంతు కూడా లేదు. లెక్క 2,673 జాతులు తేలింది, అందులో 1,997 పురుగులే. అదేం అడవి కాదు, ఊరి మధ్యలో ఓ ఇంటి వెనక స్థలం. అలాగే 2019లో ఒక టీమ్ 27 దేశాల డేటా కలిపి చూస్తే, విడివిడిగా పడి ఉన్న చిన్న ముక్కలు వాటి సైజుని బట్టి మనం ఊహించే దానికన్నా ఎక్కువ విలువైనవని వచ్చింది. కారణం సింపుల్, చుట్టూ ఉన్న నేలంతా పొలాలు, ఇళ్ళు అయిపోయాక ఆ రకం నేల మిగిలింది ఆ ముక్కల్లోనే, కాబట్టి వేరే ఎక్కడా దొరకని జాతులు అక్కడ తలదాచుకుని ఉంటాయి.

అలాగని అతిగా ఆశపడొద్దు. ఎకరంలో పెద్ద జంతువులు నిలవవు, మీ ముంగిసలు కూడా ఆ ఒక్క ముక్కతో బతకట్లేదు, రాత్రిళ్ళు చుట్టుపక్కల ఖాళీ ప్లాట్లన్నీ తిరుగుతుంటాయి. ఆ ప్లాట్లలో ఇళ్ళు వచ్చాక అవి తగ్గుతాయి, మీరెంత కష్టపడినా తగ్గుతాయి. మిగిలేవి పురుగులు, సీతాకోకచిలుకలు, తూనీగలు, తొండలు, కప్పలు, చిన్న పిట్టలు. నన్నడిగితే అది చిన్న విషయమేం కాదు. అమెరికాలో చికడీ అని గుప్పెట్లో పట్టేంత పిట్ట ఉంటుంది, బరువు 10, 11 గ్రాములు. అది ఒక్క విడత పిల్లల్ని పెంచి ఎగరేయడానికి 6,000 నుంచి 9,000 దాకా గొంగళిపురుగుల్ని పట్టి తేవాలి. గింజలు తినే పిట్టల్లో కూడా చాలావాటి పిల్లలకి మొదట్లో కావాల్సింది పురుగులే. మరి అన్ని పురుగులు ఎక్కడి నుంచి వస్తాయి, లాన్‌లోంచి అయితే రావు.

ఇప్పుడు అంచుల సంగతి, ఇది కాస్త ఓపిగ్గా చదవండి. ముక్క చిన్నదయ్యే కొద్దీ దాంట్లో "లోపల" అనేది మాయమైపోతుంది. అంచు నుంచి ఎండ, గాలి, దుమ్ము, లైటు, కుక్కలు, పిల్లులు, చెత్త లోపలికి వస్తుంటాయి. ఇవి ఒక్కో వైపు నుంచి 20 మీటర్లు లోపలికి వస్తాయనుకోండి. ఎకరం స్థలం చతురస్రంగా ఉంటే ఒక్కో వైపు 64 మీటర్లు దగ్గర దగ్గర. రెండు వైపులా 20, 20 తీసేస్తే మధ్యలో 24 మీటర్ల ముక్క మిగులుతుంది, అంటే మొత్తంలో 14 శాతమే. అదే ఎకరం 20 మీటర్ల వెడల్పుతో పొడుగ్గా ఉంటే లోపల అనేదే లేదు, సున్నా. బ్రెజిల్‌లో మనౌస్ దగ్గర అమెజాన్ అడవిలో 1979లో ఇదే చూద్దామని 1, 10, 100 హెక్టార్ల ముక్కల్ని కావాలనే విడగొట్టి దశాబ్దాలుగా గమనిస్తున్నారు. అక్కడ అంచు దగ్గరి పెద్ద చెట్లు లోపలి వాటికన్నా ఎక్కువ చచ్చిపోయాయి, అంత దట్టమైన అడవిలోనే. కాబట్టి మీ స్థలం మధ్యలోంచి వాకింగ్ ట్రాక్ వేద్దాం అనే ప్రపోజల్ వస్తే దాన్ని మాత్రం గట్టిగా ఆపండి. మధ్యలోంచి దారి వేస్తే ఒక ముక్క రెండు ముక్కలై, రెండూ అంచులే అయిపోతాయి. దారి కావాలంటే బయటి అంచు వెంట వేసుకోమనండి, అక్కడ ఎలాగూ పోయేదే.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక కాలనీ పక్కన గులకరాళ్ళు, పొట్టి గడ్డి తప్ప ఏమీ లేని నేల చూసి, అయ్యో ఖాళీగా ఉందే అని 200 మొక్కలు నాటించా. ఫోటోలు దిగాం, చప్పట్లు కొట్టుకున్నాం. మొక్కలు బాగానే బతికాయి, అదే సమస్య. అక్కడ రెండు జతల తీతువు పిట్టలు ఉండేవి. అది చెట్టు మీద గూడు కట్టే పిట్ట కాదు, నేల మీదే చిన్న గుంత లాంటిది చేసి చుట్టూ గులకరాళ్ళు పేర్చి మధ్యలో నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్లు కూడా మట్టి రంగు మీద నల్లటి మచ్చలతో ఉంటాయి, కాలి దగ్గరే ఉన్నా కనపడవు, నేను ఓసారి అడుగు వేయబోయి దాని అరుపు విని ఆగిపోయా. దానికి కావాల్సింది దూరం దాకా కనపడే బయలు, ఏ కుక్క వస్తున్నా ముందే చూసి అరవాలి. మా మొక్కలు మనిషి ఎత్తు పెరిగేసరికి చూపు ఆగిపోయింది, పైగా కాకులు కూర్చుని గూళ్ళు వెతకడానికి మంచి కొమ్మలు దొరికాయి. మూడో ఏడుకి ఒక్క జత కూడా లేదు. ఖాళీ అనుకున్న నేల నిజానికి ఖాళీ కాదన్నమాట, నాకే చూడటం రాలేదు.

అందుకే ఎవరైనా మియావాకి అడవి పెడదాం అంటే వెంటనే తల ఊపకండి. జపాన్ వృక్షశాస్త్రవేత్త అకిరా మియావాకి పద్ధతి మంచిదే, పాడైపోయిన నేలలో, ఫ్యాక్టరీల చుట్టూ, కట్టడాల మట్టి పోసిన చోట్ల అక్కడి సొంత జాతుల మొక్కల్ని ఒత్తుగా నాటి త్వరగా పచ్చదనం తెచ్చేది. దాన్ని తీసుకొచ్చి ఆల్రెడీ బతికి ఉన్న తుప్పల మీద, గడ్డి మీద రుద్దితే ఉన్నది పోయి కొత్తది వస్తుంది, లాభమేముంది. మీ స్థలంలో చెత్త పోసి పాడు చేసిన మూల ఏదైనా ఉంటే అక్కడ చేసుకోండి, అభ్యంతరం లేదు.

శుభ్రం చేయడం అంటే ఏం తీయాలి, ఏం తీయకూడదు. ప్లాస్టిక్, గాజు పెంకులు, పాత టైర్లు, కట్టడం చెత్త, ఇవన్నీ తీసేయండి, ఎంత తీస్తే అంత మంచిది. రాలిన ఆకులు, పడిపోయిన కొమ్మలు, ఎండిన మాను, పుట్టలు, ఇవి ముట్టుకోవద్దు. మిణుగురులు తగ్గిపోయాయి అని అందరూ బాధపడతారు కదా, మిణుగురు పిల్ల దశలో నెలల తరబడి, కొన్ని జాతులైతే ఏడాదికి పైగా, ఆకుల కింద తడిమట్టిలో నత్తల్ని తింటూ బతుకుతుంది. ఆ ఆకులు ఊడ్చి తగలబెడితే మిణుగురుల్ని తగలబెట్టినట్టే. ఎండుమాను అయితే వడ్రంగి పిట్టకి ఇల్లు, అది వదిలేసిన తొర్రలో తర్వాత గోరింకో చిలకో చేరుతుంది. దారి మీద పడుతుందని భయముంటే మొత్తం నరకక్కర్లేదు, కొమ్మలు తీయించి రెండు నిలువుల మొండెం నిలబెట్టండి. ఇంకోటి, ఎవరూ పట్టించుకోనిది, ఎండ తగిలే ఉత్త మట్టి. తేనెటీగల జాతుల్లో దాదాపు 70 శాతం నేలలో బొరియలు చేసుకుని ఒంటరిగా బతికేవే, తేనెపట్టు పెట్టేవి చాలా తక్కువ. వాటికి గడ్డి మొలవని గట్టి మట్టి కావాలి. కాబట్టి అక్కడక్కడా బట్టతల లాగా ఉన్న చోట్లని టైల్స్‌తోనో లాన్‌తోనో నింపకండి.

ఇక పక్కింటివాళ్ళు. నిజం చెప్పాలంటే ఈ పనిలో 70 శాతం ఇదే, ఇది నా అంచనా మాత్రమే లెండి. వాళ్ళకి తుప్పలు అంటే ఎవరూ పట్టించుకోని స్థలం, ఎవరూ పట్టించుకోకపోతే చెత్త పోయొచ్చు, చెత్త పోస్తే ఎలుకలు, ఎలుకలొస్తే పాములు. వాళ్ళ భయంలో తప్పేం లేదు, కాకపోతే పాముని పిలిచేది ఆ చెత్త, తుప్ప కాదు. జోన్ నసావర్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ 1995లోనే ఈ విషయం రాసింది, చిందరవందరగా కనిపించే ప్రకృతికి చుట్టూ ఒక చక్కటి ఫ్రేమ్ ఉంటే జనం ఒప్పుకుంటారు, ఇక్కడ ఎవరో శ్రద్ధ పెడుతున్నారని తెలిసే గుర్తు ఒకటి ఉంటే చాలు అని. నేను దీన్ని చాలా చోట్ల చేసి చూశా, మంత్రంలా పనిచేస్తుంది. ఇళ్ళ వైపు, రోడ్డు వైపు ఒకటిన్నర రెండు మీటర్ల పట్టీ నీట్‌గా గడ్డి కోసి ఉంచండి, పొట్టి కంచె వేయండి, లోపల ఏమేం ఉన్నాయో ఫోటోలతో ఒక బోర్డు పెట్టండి. లోపల యథాతథంగా వదిలేయండి. ఒక కాలనీలో పాముల భయంతో సంతకాలు సేకరించిన పెద్దాయనే, ఆ పట్టీ కోసి బోర్డు పెట్టాక, వచ్చిన చుట్టాలకి మా పిట్టల తోట అని చూపించడం మొదలుపెట్టాడు. లోపల ఒక్క ఆకు కూడా మారలేదు. ఆ కోసిన పట్టీ వల్ల ఇంకో లాభం, పాము దాటితే కనపడుతుంది, పిల్లలకి కూడా ఎక్కడిదాకా వెళ్ళొచ్చో తెలుస్తుంది. రాత్రి టార్చ్ లేకుండా వెళ్ళొద్దు, చేయి పెట్టే ముందు కర్రతో తట్టాలి, పాము కనిపిస్తే పట్టడం వచ్చినవాళ్ళకే ఫోన్ చేయాలి, ఈ మూడూ బోర్డు మీదే రాసేయండి.

గుంట దగ్గరికి వద్దాం. దోమలు వస్తాయి పూడ్చేద్దాం అని ఖచ్చితంగా ఎవరో ఒకరు అంటారు, అనే ఉంటారు కూడా. దోమ గుడ్డు నుంచి ఎగిరే దాకా వెచ్చటి వాతావరణంలో 7 నుంచి 10 రోజులు పడుతుంది. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ ఎక్కువగా గుడ్లు పెట్టేది టైర్లు, డబ్బాలు, పూలకుండీ కింది ప్లేట్లు, మూతలేని ట్యాంకుల్లాంటి చిన్న చిన్న నీళ్ళలో, ఎందుకంటే అక్కడ దాని పిల్లల్ని తినేవాళ్ళు ఉండరు. మీ గుంటలో తూనీగ పిల్లలు, నీటి పురుగులు దోమ పిల్లల్ని తింటూనే ఉంటాయి. మాటలతో నమ్మరు కాబట్టి నేను ఒక పని చేస్తా, తెల్లటి ప్లాస్టిక్ ట్రే తీసుకెళ్ళి గుంటలో నీళ్ళు ముంచి అందరి ముందు పెడతా, తర్వాత వాళ్ళ ఇంటి వెనక బకెట్‌లోంచో కూలర్‌లోంచో తీసిన నీళ్ళు ఇంకో ట్రేలో పెడతా. వంకర్లు తిరుగుతూ ఎగిరెగిరి పడే దోమ పిల్లలు ఏ ట్రేలో ఎన్ని ఉన్నాయో వాళ్ళే లెక్కపెట్టుకుంటారు. గుంట ట్రే ప్రతిసారీ ఖాళీగా ఉంటుందని చెప్పను, డ్రైనేజీ నీళ్ళు కలిసే గుంటలో దోమలు విపరీతంగా ఉంటాయి. అలాంటప్పుడు ఆ డ్రైనేజీ పైపుని ఆపాలి, గుంటని పూడ్చడం కాదు.

దయచేసి గుంటలో చేపలు వదలకండి. దోమల కోసమని గంబూసియా చేపలు తెచ్చి వదులుతుంటారు. ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 పరాయి జాతుల లిస్టులో అది ఉంది. దోమ పిల్లలతో పాటు కప్ప గుడ్లు, తోకలతో ఈదే కప్ప పిల్లలు, తూనీగ పిల్లలు, అన్నీ తింటుంది. వానలకి నిండి తర్వాత ఎండిపోయే గుంట గొప్పతనమే అది, ఎండుతుంది కాబట్టి చేపలు ఉండవు, చేపలు ఉండవు కాబట్టి కప్పలు అక్కడికి వస్తాయి. ఎండిపోతోంది పాపం అని లోతు తవ్వించి, సిమెంట్ గట్టు కట్టి, ఏడాదంతా నీళ్ళు నింపితే చూడ్డానికి బాగుంటుంది కానీ కప్పలకి అది ఇక పనికిరాదు. నేను చూసిన ఒక చోట ఎవరో అక్వేరియం చేపలు రెండు బకెట్లు పోసి వెళ్ళారు, అంతకు ముందు ఏడాది వానలకి చెవులు చిల్లులు పడేలా అరిచిన గుంట ఆ తర్వాతి వానలకి దాదాపు నిశ్శబ్దం.

నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా చూసుకోండి. దీనికి సర్వే ఏం అక్కర్లేదు, గట్టి వాన పడేటప్పుడు గొడుగేసుకుని గుంట దగ్గర నుంచి నీళ్ళు వచ్చే దిక్కుగా ఎదురు నడవండి. చాలా గుంటలు పూడ్చడం వల్ల చావవు, పైన ఎక్కడో రోడ్డు ఎత్తు పెంచితేనో, కాలువకి సిమెంట్ వేసి పక్కకి తిప్పితేనో నీళ్ళు రాక చస్తాయి, రెండేళ్ళ తర్వాత గానీ ఎవరికీ తెలీదు. రోడ్డు వేయకముందే అయితే కింద ఒక పైపు పెట్టమని అడగొచ్చు, అయ్యాక అడిగితే ఎవరూ వినరు.

గోడల గురించి ఒక రాత్రి చెప్తా. ఒక చోట గుంటకీ గడ్డి నేలకీ మధ్య కొత్తగా కాంపౌండ్ వాల్ కట్టారు, కింద సందు కూడా లేకుండా. తొలకరి వాన పడ్డ రాత్రి టార్చ్ పట్టుకుని వెళ్ళా. గోదురు కప్పలు గోడ దాకా వచ్చి, ముక్కు గోడకి ఆనించి ఒక్క క్షణం ఆగి, తర్వాత గోడ వెంట పక్కకి నడుస్తున్నాయి. గెంతట్లేదు, నడుస్తున్నాయి, ఒకదాని వెనక ఒకటి. గోడ మూల దగ్గర తిరగడానికి దారి లేక ఒకదాని మీద ఒకటి పడి ఇరవై దాకా ఉన్నాయి. అవతల నుంచి గుంటలో మగ కప్పల అరుపు వినిపిస్తూనే ఉంది. నేనూ వాచ్‌మ్యానూ కలిసి బకెట్‌తో అవతలికి మోశాం. తర్వాత వారం కమిటీతో మాట్లాడి గోడ అడుగున నాలుగు చోట్ల సందులు కొట్టించాం. బ్రిటన్‌లో హెడ్జ్‌హాగ్ అనే ముళ్ళున్న చిన్న జంతువుల కోసం ఇళ్ళ కంచెల కింద 13 సెంటీమీటర్ల చదరపు సందులు పెట్టమని చెప్తారు, అదే కొలత తీసుకున్నా. కుక్క దూరదు, కప్ప, తొండ దూరతాయి. అరపూట పని. మీ చుట్టూ ఇళ్ళు ఇంకా కడుతున్నారు అన్నారు కాబట్టి గోడలు లేవకముందే ప్లాట్ల ఓనర్లతో ఈ ఒక్క మాట మాట్లాడండి, ఎకరం ముక్కని పక్క ఖాళీలతో, కాలువ గట్టుతో, పెరళ్ళతో కలిపేది ఇలాంటి సందులే.

లైట్ల సంగతి త్వరగా చెప్పేస్తా. సేఫ్టీ కోసం లైటు కావాలి, ఒప్పుకుంటా, లైట్లే వద్దని కాలనీలో గొడవ పెట్టుకోకండి, ఓడిపోతారు. లైటు వెలుగు దారి మీదే పడేలా పైన మూత ఉన్నది పెట్టమనండి, తెల్లగా నీలంగా కొట్టేది కాకుండా 3000 కెల్విన్ (బల్బు రంగు కొలత) లోపు పసుపు రంగు బల్బు పెట్టమనండి, వీలైతే మనిషి వచ్చినప్పుడే వెలిగే సెన్సర్. తుప్పల వైపు తిరిగిన ఫ్లడ్‌లైట్ ఒక్కటున్నా మిణుగురుల వెలుగు ఒకదానికొకటి కనపడదు, జత కుదరదు.

పిల్లుల విషయంలో నాకు చీవాట్లు పడతాయని తెలుసు, అయినా చెప్తా. అమెరికాలోని శాన్ డియాగోలో ఇళ్ళ మధ్య మిగిలిన లోయల మీద కెవిన్ క్రూక్స్, మైఖేల్ సూలే అనే ఇద్దరు చేసిన స్టడీ 1999లో వచ్చింది. సుమారు 20 హెక్టార్ల ముక్క, చుట్టూ 100 ఇళ్ళు అనుకుంటే ఆ ఇళ్ళ పిల్లులు ఏడాదికి ఇంటికి పట్టి తెచ్చేవే 840 ఎలుక జాతివి, 525 పిట్టలు, 595 తొండల్లాంటివి అని లెక్క వచ్చింది. తిని పారేసినవి వేరే. అక్కడ కయోటీలు, అంటే మన నక్క లాంటివి, తిరిగే లోయల్లో పిల్లులు తక్కువగా, పిట్టలు ఎక్కువగా ఉన్నాయి. మీ దగ్గర పిల్లి పెంచేవాళ్ళని కనీసం పిట్టలు గూళ్ళు పెట్టే నెలల్లో, రాత్రి పూటైనా ఇంట్లో ఉంచమని అడగండి. తుప్పల పక్కన వీధి పిల్లులకి తిండి పెట్టే చోటు ఉంటే దాన్ని కాలనీ అవతలి కొసకి మార్పించండి.

కన్‌స్ట్రక్షన్ ఆల్రెడీ జరుగుతోంది కాబట్టి మూడు పెద్ద చెట్ల గురించి తొందరపడాలి. చెట్టు వేళ్ళు మనం అనుకున్నట్టు పాతాళంలోకి పోవు, ఎక్కువ భాగం పై 60 సెంటీమీటర్ల మట్టిలోనే, పక్కలకి పాకి ఉంటాయి. బ్రిటిష్ స్టాండర్డ్ ప్రకారం మాను అడ్డకొలతకి 12 రెట్లు వ్యాసార్థం చుట్టూ వదలాలి, అంటే 40 సెంటీమీటర్ల మాను అయితే మాను నుంచి 4.8 మీటర్లు. ఆ గీత లోపల ఇసుక కుప్ప పోసినా, లారీ నాలుగు సార్లు తిరిగినా మట్టి గట్టిపడి వేళ్ళకి గాలి ఆడదు. చెట్టు అప్పుడే చావదు, మూడు నాలుగేళ్ళకి పై కొమ్మలు ఎండటం మొదలవుతుంది, అప్పటికి బిల్డర్ ఉండడు. కాబట్టి మిషన్లు లోపలికి రాకముందే కంచె పడాలి, వచ్చాక వేసే కంచె ఫోటోకే పనికొస్తుంది.

కాగితాల గురించి. మొదటి వారంలో చేయాల్సిన పని, ఆ స్థలం ఎవరిదో రాతపూర్వకంగా తెలుసుకోవడం. లేఅవుట్‌లో ఓపెన్ స్పేస్‌గా చూపించిన స్థలమైతే మీ గొంతుకి బలం ఉంటుంది, కానీ "పార్కు" అన్న మాట పక్కన "సహజంగా ఉంచాల్సిన భాగం" అని మెయింటెనెన్స్ ప్లాన్‌లో రాయించుకోవాలి. లేకపోతే కొత్త కమిటీ రాగానే కొత్త కాంట్రాక్టర్, కొత్త లాన్. అసోసియేషన్ ఉమ్మడి స్థలమైతే మీటింగ్‌లో తీర్మానం చేయించి మినిట్స్‌లో ఎక్కించండి. ప్రైవేటు ప్లాట్ అయితే నిజాయితీగా చెప్తున్నా, ఓనర్ కట్టుకుంటానంటే మీరు చేయగలిగింది తక్కువ. అప్పుడు బేరం మారుతుంది, గుంట వైపు ఎంత వదులుతారు, చెట్లు ఉంచుతారా, పిల్లలు పెట్టే సీజన్ అయ్యాక చదును చేస్తారా అని. నేను ఇలా అడిగి ఒకసారి రెండు నెలలు వాయిదా వేయించగలిగా, స్థలం అయితే పోయింది, ఆ ఏటి పిల్లలు ఎగిరాయి.

అన్ని ముక్కలూ కాపాడదగినవే అని కూడా నేననను. నాలుగు వైపులా వెడల్పాటి రోడ్లు వచ్చి, నీళ్ళ దారి మూసుకుపోయి, లోపలంతా లాంటానా లాంటి పాకిపోయే పరాయి తుప్ప ఒక్కటే మిగిలిన చోట పదేళ్ళు పోరాడే బదులు ఆ ఓపికంతా పక్క కాలువ గట్టు మీద పెట్టండి అని రెండు సార్లు చెప్పా. మీరు చెప్పిన దాన్ని బట్టి మీది అలాంటిది కాదు, తీతువులు ఇంకా కనిపిస్తున్నాయంటే ఇంకా బలంగానే ఉంది. పరాయి తుప్పలు ఉన్నా ఒక్కసారిగా పీకేయకండి, పిట్టలు ఇప్పుడు వాటిలోనే గూళ్ళు కడుతూ ఉండొచ్చు, ఏటా మూడో వంతో నాలుగో వంతో తీస్తూ, తీసిన చోట అక్కడి మొక్కలు వాటంతట అవి లేస్తున్నాయా చూసుకుంటూ వెళ్ళండి.

ఈ ఏడాదంతా ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, నెలకి రెండు సార్లు ఒకే దారిలో నడిచి, ఒకే నాలుగు చోట్ల నుంచి ఫోటోలు తీయండి. పేర్లు తెలియకపోతే ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో ఫోటో పెడితే తెలిసినవాళ్ళు చెప్తారు, పిట్టలకి ఈబర్డ్ ఉంది. కమిటీ మీటింగ్‌లో "ఇక్కడ చాలా జీవులున్నాయండి" అంటే ఎవరూ తల ఎత్తరు, "41 రకాల పిట్టలు, 9 రకాల తూనీగలు, తేదీలతో సహా ఇవిగో" అంటే కనీసం కాగితం చేతిలోకి తీసుకుంటారు. అంకెలు ఉదాహరణకి చెప్పా, మీవి మీరు లెక్కపెట్టుకోండి. తీతువు గూడు ఫోటో మాత్రం దగ్గరికి వెళ్ళి తీయకండి, లొకేషన్ బయట పెట్టకండి, మీ వెనకే కాకి కూడా చూస్తుంటుంది. గుంటకి నీళ్ళు ఏ దిక్కు నుంచి వస్తున్నాయో, మూడు పక్కల గోడల్లో ఎన్ని లేచాయో చెప్తే సందులు ఎక్కడ పెట్టాలో ఇంకాస్త కచ్చితంగా చెప్తా.